చేతికి తెలిసే బరువు

నా భార్య చనిపోయి ఈ ఆదివారానికి ఐదు వారాలు. కాకినాడలో ఒక ఆసుపత్రిలో, తెల్లవారాక, నేను కింద టీ తాగుతుండగా పోయింది. చెప్పాల్సిన వాళ్లందరికీ కబురు చెప్పాను. పంపరపనస సంగతి ఒక్కటి ఎవరికీ చెప్పలేదు.

ఇంట్లో కూర్చోలేకపోతున్నాను. ఫ్యాను వేస్తాను, ఆపుతాను. కుర్చీ ఇటు జరుపుతాను, అటు జరుపుతాను. చివరికి సంచి పట్టుకుని మార్కెట్‌కు పోతాను.

ఆవిడది కడప వైపు. అక్కడ బత్తాయిని చీనీ అంటారు. పెళ్లై యానాంలోని మా ఫరంపేట వచ్చిన కొత్తలో, మార్కెట్‌లో తలకాయంత పంపరపనసలు చూసి ఆగిపోయింది.

"ఏంది ఇది? చీనీకాయకు వాపొచ్చిందా?"

పళ్లమ్మే ఆవిడ పడీపడీ నవ్వింది. "వాపు కాదమ్మగారూ, పంపరపనసండి. తిన్నారంటే మీ చీనీని మర్చిపోతారు."

తెలిసినవాడిలా నేనే ఏరాను. అన్నిటికంటే పెద్దది, నున్నగా మెరిసేది. ఇంటికొచ్చి కోస్తే అంతా బెండు. మధ్యలో పిడికెడు తొనలు, అవీ చేదు. మర్నాడు ఆవిడ ఒక్కతే వెళ్లి, పళ్లావిడ పక్కన కూర్చుని నేర్చుకుని, మచ్చలున్న చిన్న కాయ తెచ్చింది. దాన్ని నాలుగు రోజులు కిటికీ గట్టు మీద ఉంచి, తొక్క కాస్త వాడాక ఒలిచింది. గులాబీ రంగు తొనలు. పొర తీసిన మొదటి తొన నా పళ్లెంలో పెట్టింది.

"మీరు కళ్లతో కొంటారండీ. చెయ్యి చెప్పాలి."

మేం చర్చికి వెళ్లేవాళ్లం, పాలవెల్లి కట్టం. అయినా వినాయకచవితి అంటే ఆవిడకు హుషారు. పాలవెల్లికి కట్టడానికి జనం అందమైన కాయలన్నీ ఏరుకుపోయాక, మధ్యాహ్నం వెళ్లేది. మిగిలిన వాటిని రెండు చేతుల్లో చెరొకటి పట్టుకుని తూచి చూసేది. "మనకోసం మంచివి వదిలిపెట్టారు, పాపం" అనేది.

ఆసుపత్రిలో అన్నం సహించలేదు. "పంపరపనస తొన ఒక్కటుంటే బాగుండు" అంది. పరుగున వెళ్లాను. తొందరలో మళ్లీ పెద్దదే తెచ్చాను. మళ్లీ బెండే. ఎండిన తొన చాలాసేపు నమిలింది.

"తీపిగానే ఉందండీ."

పళ్ల విషయంలో ముప్పై ఏళ్లలో నన్ను ఒక్కసారీ వదిలిపెట్టని మనిషి. తిట్టి ఉంటే ఇప్పుడు ఇంట్లో కూర్చోగలిగేవాణ్ణేమో.

ఆదివారం మా ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక. వచ్చినవాళ్ల చేతిలో మంచి తొన ఒకటి పెట్టాలి. ఈసారి తప్పు కాయ తేకూడదు. బుధవారం పొద్దున్నే వెళ్లాను. ఆ పళ్లావిడే. జుట్టు నెరిసింది.

"అరగంటైందండి బాబుగారూ. పెళ్లిచూపులేటండి?"

"తేలడం లేదమ్మా."

"అమ్మగారైతే ఈపాటికి ఇంటికెళ్లిపోయేవోరు." ఆమె నవ్వు ఆగింది. "కళ్లు మూసుకుని పట్టుకోండి."

మూసుకున్నాను. ఎడమచేతిలోది కొద్దిగా కిందికి లాగింది. అలా ఒక్కొక్కటే ఆరు కాయలు ఏరాను. ఆరూ చిన్నవే, మచ్చలవే.

ఇప్పుడవి కిటికీ గట్టు మీద ఉన్నాయి. తొక్క వాడాలి. ఆదివారం దాకా కోయకూడదు. గంటకోసారి లేచి వెళ్లి, ఒకటి ఎత్తి చూసి, మళ్లీ అక్కడే పెడుతున్నాను.