పన్నెండు మైక్రోస్కోపులు, ఒక తాళం

అఫ్కార్ టీచర్ కోపిష్టి అని ఈజిప్టులోని దమన్‌హూర్ బాలికల సెకండరీ స్కూలు గేటు దగ్గర చిక్కుళ్ల బండివాడికి కూడా తెలుసు. ఆ కోపం ఎందుకో మాత్రం ఆ ఊళ్లో ఎవరూ అడగలేదు. పందొమ్మిదేళ్లుగా ఆమె జీవశాస్త్రం చెబుతోంది. పందొమ్మిదేళ్లుగా ఉల్లిపొర కణాన్ని సుద్దముక్కతోనే చూపిస్తోంది. పై అంతస్తులో ప్రయోగశాల బీరువా నిండా మైక్రోస్కోపులున్నాయి, పన్నెండు. తాళంచెవి ప్రయోగశాల బాధ్యుడు షౌకీ మాస్టారి జేబులో ఉంది.

షౌకీ చెడ్డవాడు కాదు. అఫ్కార్‌కు ఒళ్లు మండేది అందుకే. సర్కారు వస్తువు ఎవరో ఒకరి పూచీ మీద ఉండాలి. ఒక్క అద్దం పగిలినా సంతకం పెట్టినవాడి జీతంలో కోస్తారు. అందుకని ఆయన ఎవరినీ ముట్టుకోనివ్వడు. తనిఖీకి వచ్చినవాళ్లు బీరువా తలుపు గాజులోంచే చూసి, ఒక్క గీత కూడా పడలేదని మెచ్చుకుని, టీ తాగి వెళ్లేవారు. చదువు చెప్పడానికి కొన్న వస్తువును చదువు దరిచేరకుండా కాపాడినందుకు ఆ మెప్పు.

ఈ ఏడు రావియా అనే పిల్ల లేచి, అక్కడ టీచరమ్మల్ని పిలిచే పిలుపుతో, "అబ్లా, కణమనేది నిజంగా ఉందా? ఎప్పుడూ బొమ్మేగా చూపిస్తారు" అంది. క్లాసు నవ్వింది. అఫ్కార్ నవ్వలేదు. సుద్దముక్క పారేసి మెట్లెక్కింది.

"ఉస్తాజ్ షౌకీ, బీరువా తెరవండి."

"పగిలితే మీరు కడతారా అబ్లా?"

"కడతా. అన్నీ నా పేరు మీద రాసెయ్యండి."

"మీకేమన్నా పిచ్చా?"

"పిచ్చే. కాగితం తెండి."

ఆ కాగితం మీద మూడు సంతకాల కోసం విద్యాశాఖ కార్యాలయం చుట్టూ రెండు నెలలు తిరిగింది. 'పన్నెండు, అన్నీ బాగున్నాయి' అన్న మాట కింద తనూ సంతకం పెట్టింది. అక్కడి పద్ధతి అది. ముందు సంతకం, తర్వాత తాళం.

తాళం తీశారు. పన్నెండింటి అద్దాలకూ తెల్లటి బూజు పట్టి ఉంది.

"ఎప్పటినుంచి ఇలా?"

షౌకీ తలెత్తలేదు. "నాకు అప్పజెప్పినప్పుడే ఇంతే. నేనూ చూడకుండానే సంతకం పెట్టా. తలుపేసెయ్యండమ్మా. మీరు రిటైరయ్యేలోగా ఇంకొకరి నెత్తిన పెట్టొచ్చు."

ఆమెకు ఆ మనిషిని కొట్టాలనిపించింది. అంతకంటే ఎక్కువగా, చూడకుండా సంతకం పెట్టిన తనను తాను కొట్టుకోవాలనిపించింది. వెంట వచ్చిన రావియా వైపు తిరిగింది.

"రావియా, అందర్నీ పిలుచుకురా. స్క్రూడ్రైవర్లు, స్పిరిట్, దూది."

"విరిగితే అబ్లా?"

"విరగనీ. నావేగా."

మూడు రోజులు పిల్లలు అద్దాలు విప్పారు, తుడిచారు. రెండు అద్దాలు పగిలాయి. చివరికి ఒక్క మైక్రోస్కోపు పనికొచ్చింది. రావియా ఉల్లిపొర పరిచి, అయోడిన్ చుక్క వేసి, ముందు టీచర్నే చూడమంది. అఫ్కార్ వంగింది. ఎంతసేపటికీ లేవలేదు.

"మీరు చదువుకున్నప్పుడూ ఇలాగే కనిపించిందా అబ్లా?"

"మా కాలేజీలోనూ తాళమే వేసేవారు. నేనూ ఇవాళే చూస్తున్నా," అంది అఫ్కార్. గొంతులో కోపం ఏమాత్రం తగ్గలేదు. "తొయ్యకండే. ఇంకాసేపు చూడనివ్వండి."