దోమితిల తారు వాసన

ఒరినోకో నది ఒడ్డున ఎవరి దోనె కారినా దోమితిల గ్వారిమాతా అనే ముసలామె దగ్గరికే తెస్తారు. వాగు పక్కన తనంతట తాను ఊరే తారును డబ్బాకెత్తి, కొవ్వు కలిపి కాచి, తాటినార కూరిన పగుళ్ల మీద పూస్తుంది. మెట్టన నూనెబావులు తవ్వే ఇంజనీరొకడు ఓసారి చూసి నవ్వాడు.

"ఈ చిక్కటి నూనె కదలక, పలచన చెయ్యలేక మేం చస్తున్నాం. నువ్వు ఇంకా గట్టిపరుస్తున్నావా, అవ్వా?"

"మీది పారాలి నాయనా, నాది అంటుకోవాలి."

తారు పాకానికొచ్చిందో లేదో ఆమెకు ముక్కే చెప్పేది. ఈస్టరునాటి జ్వరం ఆ ముక్కును ఎత్తుకుపోయింది. ఎవరికీ చెప్పలేదు. జూన్‌లో పూసిన ఆడపడుచు దోనె నడి ఏట్లో నీరు పట్టింది. ఇంకొక్కటి కారితే నలభై ఏళ్ల పేరు మునిగినట్టే.

ఆగస్టులో, సపోవారా చేపలు ఎదురెక్కే రోజుల్లో, ఆ ఆడపడుచు కొడుకు నికనోర్ తన దోనె ఈడ్చుకొచ్చాడు.

"మీ అమ్మ దోనె సంగతి తెలిసే వచ్చావా?"

"అది అమ్మ బరువుకి కారిందిలే అత్తా. ఎల్లుండికి నేను నీళ్లలో ఉండాలి."

డబ్బా ఉడుకుతోంది. దోమితిల దాని మీదికి వంగింది. వట్టి వేడి, అంతే. లేచి గరిటె అతని చేతికిచ్చింది.

"నాకు వాసన తెలియట్లేదురా."

నికనోర్ డబ్బా మీదికి వంగాడు. "నాకుందిగా ఇంత ముక్కు. ఎలా ఉండాలో చెప్పు."

ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పిన పని కాదు. మాటలు వెతుక్కుంది. "ముందు వెంట్రుక కాలినట్టు వస్తుంది."

"వచ్చింది."

"అది పోనీ. తర్వాత కాలిన రాతి మీద చినుకు పడ్డట్టు... తొందరపడకు. చివర్న జీడిపప్పు వేగినట్టు వస్తుంది."

"వేగినట్టా, మాడినట్టా?"

"మాడిందాకా ఉంచావంటే నీ నెత్తిన పోస్తా!"

"అయితే దించెయ్ అత్తా, వచ్చేసింది."

అక్కడి ఆనవాయితీ ప్రకారం పూసిన మనిషి పొడి పావడాతో దోనె అడుగున కూర్చుని అవతలి ఒడ్డు తాకి రావాలి. అప్పుడే దోనె అప్పగించినట్టు. మూడో రోజు దోమితిల కూర్చుంది, నికనోర్ తెడ్డు వేశాడు. పోయినంతసేపూ, వచ్చినంతసేపూ తడి తగులుతుందేమోనని చెయ్యి కిందికి పెట్టలేదు. ఒడ్డున దిగి వెనక్కి తిరిగింది.

"చూడరా."

"అంచు తడిసింది."

ఆమె చెయ్యి పావడా అంచుకి పోయింది.

"నా తెడ్డు చల్లిన నీళ్లులే అత్తా! కూర్చున్నచోట ఎండుటాకులా ఉంది."

నమ్మక తనే తడిమి చూసుకుంది. పొడిగా ఉంది. పావడా దులుపుకుంది.

"రేపు మీ అమ్మ దోనె తీసుకురా. ముక్కు మర్చిపోకు."