కిటికీలో పెట్టిన పళ్ళెం

పన్నీరు రోజా రేకులను చక్కెరతో కలిపి నలిపితే ముందు పచ్చి ఆకు వాసన వస్తుంది. కాసేపటికి రేకులు నీరు విడిచి, చక్కెర తడిసి ఎర్రబారితేగానీ అసలు వాసన బయటికి రాదు. నిన్న పొద్దున పూల మార్కెట్‌లో తెచ్చిన రోజాలను వంటింటి గట్టు మీద పోసుకుని రేకులు విడదీస్తూ కూర్చున్నాను. పక్కనే పచ్చిమామిడి తురుము. రెండూ కలిపాక ఆ వాసన నా చేతులకు పట్టుకుంది. సబ్బుతో రెండుసార్లు కడిగినా వదల్లేదు. మధ్యాహ్నం అన్నం కలుపుకుంటున్నా అదే వాసన. ముద్ద నోట్లో పెట్టుకోలేక అలాగే కూర్చుంటే మా ఆయన "ఏమైంది?" అన్నాడు. "స్టెల్లా అక్క గుర్తుకొచ్చింది" అన్నాను. 

పెళ్ళయి బి. మల్లాపురం నుంచి ధర్మపురికి వచ్చిన కొత్తలో మేము అద్దెకు దిగింది ఆమె ఇంటి మేడమీద. కింద ముగ్గురే ఉండేవాళ్ళు. స్టెల్లా అక్క, ఆమె భర్త గోపాలన్న, అన్న తండ్రి వెంకటప్పగారు. వాళ్ళు మాలాగే ఎన్నో తరాల కిందట ఈ తమిళనాడు వైపు వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళు. అక్క మాత్రం సేలం దగ్గరి ఏర్కాడు కొండల పిల్ల, తమిళ క్రైస్తవురాలు. వాళ్ళమ్మ అక్కడ ఒక కాఫీ తోట బంగళాలో వంట చేసేది. పూలు వేసి పండ్ల జాములు కాయడం, నోట్లో ఒక్కసారికి పట్టేంత చిన్న టార్టులు, అంటే జాము నింపిన బిస్కెట్టు గిన్నెలు, చేయడం అక్క అక్కడే నేర్చుకుంది. అన్నను ప్రేమించి పెళ్ళి చేసుకుని ఈ ఇంటికి వచ్చేటప్పుడు అమ్మ దగ్గరి నుంచి తెచ్చుకున్నది ఒక సంచీడు టార్టు అచ్చులేనట. తెలుగు పెళ్ళయ్యాకే నేర్చుకుంది. మాటల్లో తమిళం దొర్లుతూనే ఉండేది. నన్ను 'కణ్ణు' అని పిలిచేది. తమిళంలో ముద్దుమాట అది.

నాకు అప్పట్లో ఊరు కొత్త, కాలక్షేపం లేదు, వంట అంతంతమాత్రం. ఏదో వంకన కిందికి దిగి ఆమె వంటింట్లో చేరేదాన్ని. మొదటిసారి టార్టు పిండి నా చేతికిచ్చినప్పుడు అలవాటుగా గట్టిగా మర్దించడం మొదలుపెట్టాను. ఆమె నా మణికట్టు పట్టుకుని ఆపింది.

"చపాతీకి పిసికినట్ల పిసకొద్దు కణ్ణు. వేళ్ళ కొసలతోనే చెయ్యాల. నీ చెయ్యి వేడి వెన్నకి తెలియకూడదు."

ఆమె కుండనీళ్ళలో చేతులు ముంచి, తుడుచుకుని, మైదాలో వెన్నను అలా అలా రాల్చేది. పిండిని అచ్చుల్లో పరిచి, ముల్లు చెంచాతో పొడిచి, పైన కాగితం వేసి దాని నిండా చింతగింజలు పోసేది. ఆ బరువుకు పిండి ఉబ్బకుండా చిన్న గిన్నెలా కాలుతుంది. తర్వాత గింజలు తీసేసి, ఆ గిన్నెల్లో జాము నింపడమే. నేను మొదటిసారి కాల్చినవి రాళ్ళయ్యాయి. "దీంతో గోడకి మేకు కొట్టొచ్చు" అని నవ్వింది, అయినా ఒకటి పూర్తిగా నమిలి మింగింది. తను చేసినవి నాకు పెట్టేటప్పుడు మాత్రం ఒకటితో వదిలేది కాదు. "ఇంకొకటి తిను. సిగ్గు ఎందుకు? తిను" అంటూ నోటిదాకా తెచ్చేది. పాలవాడినీ వదిలేది కాదు, కరెంటు రీడింగుకు వచ్చినవాడినీ వదిలేది కాదు.

ఆమె బలవంతపెట్టనిది ఒక్క మనిషినే.

వెంకటప్పగారు కొడుకు పెళ్ళికి అడ్డు చెప్పలేదట. ఇంట్లోకి రావద్దని కూడా అనలేదట. కోడలు వచ్చిన రోజు నుంచి ముందు గదిలో తన పొయ్యి తాను పెట్టుకున్నారు, అంతే. ఆయన భార్య అప్పటికే పోయింది. ఆయనే సంగటి కెలుక్కునేవారు, ఆయనే పులుసు కాచుకునేవారు. ధర్మపురి దగ్గర్లోని ఇండూరులో ఆయనకు కొంచెం నేల ఉండేది. మామిడి చెట్లు, రోజా తోట. పొద్దున్నే వెళ్ళి వచ్చి బుట్టను వంటింటి గడప దగ్గర దింపి, "పూలొచ్చినాయి" అని గోడతో చెప్పినట్టు చెప్పి వెళ్ళిపోయేవారు. అక్క మాట్లాడకుండా బుట్ట తీసుకునేది.

ఒకరోజు ఆమె చిన్న పళ్ళెంలో టార్టులు పెట్టి, ఆయన గదికీ లోపలి వరండాకూ మధ్య ఉన్న కిటికీ గట్టు మీద ఉంచి వచ్చేసింది. మేమిద్దరం వంటింట్లో మా పని మేం చేసుకుంటున్నాం. చాలాసేపటికి వెళ్ళి పళ్ళెం తెచ్చింది. జాము మొత్తం తీసేసుకున్నారు. గిన్నెలన్నీ విరగకుండా, శుభ్రంగా, పళ్ళెంలో వరసగా ఉన్నాయి.

"ఇదేంటక్కా, పై గిన్నెలు తినలేదే?" అన్నాను.

"ఆయన తినరు. నా చేతి నుంచి పండు, పువ్వు తీసుకుంటారు. పొయ్యి మీద అయ్యింది తీసుకోరు. వాళ్ళ పద్ధతి అది."

"మరి జాము?"

అప్పుడు నవ్వింది. "జాము పొయ్యి మీద ఎక్కడ చేసినాను? ఎండలో కదా పెట్టినాను. ఎండ ఎవరింటిదీ కాదు."

ఆమె రోజా మామిడి జాము నిప్పు చూడకుండా ఎందుకు తయారవుతుందో నాకు ఆ రోజు తెలిసింది. మిగతా జాములన్నీ వాళ్ళమ్మలాగే స్టవ్ మీద ఉడికించేది. ఇది మాత్రం జాడీలో మామిడి తురుము, చక్కెర, రోజా రేకులు పొరలు పొరలుగా వేసి, మూతికి పాత పంచె గుడ్డ కట్టి, మా మేడమీద ఎండలో పెట్టేది. సాయంత్రం పొడి గరిటెతో తిప్పి లోపలికి తెచ్చేది. చక్కెర కరిగి, మామిడి అద్దంలా మెరిసి, రేకులు దానిలో మగ్గేదాకా ఓపిక పట్టాలి. మామగారు తిననంటే తినగలిగేదేమిటో వెతికి పట్టుకుంది ఆ మనిషి. అయితే దాన్ని ఉత్తగా గాజు గిన్నెలో పెట్టి ఇవ్వొచ్చు కదా? ఇచ్చేది కాదు. ఎప్పుడూ టార్టులోనే పెట్టేది. ఏదో ఒకనాడు జాముతో పాటు టార్టు గిన్నె కూడా తింటారని ఆమె ఆశ. ఆ ఒక్కటి జరిగితే తను ఆ ఇంటి మనిషి అయినట్టే అనుకునేది.

నాకు మాత్రం ఒళ్ళు మండేది. "నేనైతే ఎదురుగా నిలబడి తినమని చెప్పి, తినేదాకా కదలను" అన్నాను ఒకసారి.

"అట్ల చెయ్యకూడదు. పెద్దవాళ్ళని సంకటపెట్టకూడదు. నేను నిలబడితే ఆయన వద్దని చెప్పాల. నా ముందర చెప్పాలంటే ఆయనకి కష్టం. అందుకే పెట్టేసి వచ్చేస్తాను."

ఆ మాటకు నా కోపం దిగిపోయింది. అవమానించేవాడికి అవమానించే ఇబ్బంది కూడా కలగకూడదని చూసే మనిషిని నేను అంతవరకూ చూడలేదు. మర్యాద అంటే ఇదీ అనుకున్నాను. నేనూ అలాగే ఉండాలనుకున్నాను. కొన్నేళ్ళు ఉన్నాను కూడా. అత్తగారింట్లో నొచ్చుకున్నా అడగలేదు, స్నేహితురాలు రావడం మానేస్తే ఎందుకని పిలవలేదు. వాళ్ళను ఇబ్బంది పెట్టకూడదనే అనుకున్నాను.

ఒకసారి నేను మేడ దిగుతుంటే వెంకటప్పగారు మెట్ల దగ్గర కుర్చీలో ఉన్నారు. నాతో ఎప్పుడో గానీ మాట్లాడని మనిషి, ఆగమన్నట్టు చెయ్యి ఎత్తారు.

"ఏమ్మా, నీకు తినమని చెప్తుందా ఆ యమ్మ?"

"అయ్యో, వద్దన్నా వదలదు తాతా. నోట్లో కుక్కేస్తుంది" అన్నాను నవ్వుతూ.

"ఊఁ" అని రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయారు. ముసలాయన ఏదో ఊసుపోక అడిగారనుకుని నేను నా దారిన వెళ్ళిపోయాను.

ఏళ్ళు గడిచాయి. మేము అదే మేడమీద ఉన్నాం. వెంకటప్పగారికి మరుపు మొదలైంది. ముందు తోటకు దారి మరిచిపోయారు, తర్వాత పొయ్యి ఆర్పడం మరిచిపోయారు. భయపడి అన్న ఆ పొయ్యి తీసేశాడు. అప్పుడైనా అక్క వంట తింటారేమో అనుకున్నాం గానీ, అన్నకే ధైర్యం చాలలేదు. తండ్రికి మెస్సు నుంచి క్యారియర్ తెప్పించేవాడు.  అక్క పళ్ళెం మాత్రం కిటికీలో పెడుతూనే ఉంది, గిన్నెలు మాత్రం తిరిగి వస్తూనే ఉన్నాయి.

ఒక వేసవి మధ్యాహ్నం అక్క, నేను లోపలి వరండాలో చాప వేసుకుని టార్టుల్లో జాము నింపుతున్నాం. ఆయన గోడ పట్టుకుని నెమ్మదిగా వచ్చి మా ఎదుట కూర్చున్నారు. అక్క గబుక్కున కొంగు సర్దుకుంది. ఆయన ఆమె చేతుల వైపు చూస్తూ అడిగారు.

"ఎవరమ్మా నువ్వు? పనికి కొత్తగా వచ్చినావా?"

 ఆయనే మళ్ళీ అన్నారు.

"మా కోడలు కూడా ఇట్లే చేస్తుంది. బాగా చేస్తుంది. కానీ కిటికీలో పెట్టి పోతుంది. ఒక దినమన్నా తినండి మామా అని చెప్పలే. కుక్కకి పెట్టినట్ల పెట్టి పోతే ఎట్ల తినేది?"

నేను ఆపుకోలేకపోయాను. "లోపల జాము తింటారు కదా తాతా?"

"అది నా తోటలో పండింది కదమ్మా. నాది నేను తినేదానికి ఎవరు చెప్పాల?"

అక్క చేతిలో చెంచా కింద పెట్టింది. తర్వాత ఒక టార్టు తీసి ఆయన అరచేతిలో పెట్టింది. "తినండి మామా" అంది.  ఇంకోసారి అంది. ఆయన మొత్తం నోట్లో వేసుకుని, నిదానంగా నమిలి, ఒళ్ళో పడిన పొడి కూడా వేలితో అద్దుకుని తిన్నారు. ఇంకొకటి కావాలని చెయ్యి చాపారు.

"నేనే మామా మీ కోడలు" అంది అక్క.

ఆయన ఆమె ముఖంలోకి చాలాసేపు చూశారు. "లేదులే. ఆ యమ్మ మాట్లాడదు" అన్నారు.

ఆ తర్వాత ఆయన వానలు వచ్చేదాకా బతికారు. అక్క రోజూ దగ్గర కూర్చుని తినమని చెప్పి తినిపించింది. సంగటి, పులుసు, టార్టు, ఏది పెట్టినా తిన్నారు. తింటూ రోజూ కోడలి మీద అదే ఫిర్యాదు చేశారు. ఆమె రోజూ విన్నది. ఆయన చివరివరకూ ఆమెను గుర్తుపట్టలేదు. మొదట్లో ఆయనది నిజంగా పద్ధతి పట్టింపే అయి ఉంటుంది. అది ఎప్పుడు కరిగి, పిలుపు కోసం ఎదురుచూపుగా మారిందో ఎవరికీ తెలియదు. మరిచిపోయే మనసు ఆ కథంతా కొత్తగా అల్లుకుందేమో కూడా. కానీ మెట్ల దగ్గర నన్ను అడిగిన రోజున ఆయనకు మరుపు లేదు. ఆ మాట నేను అక్కకు చెప్పి ఉంటే! ఊసుపోక అడిగిన మాటను మోసుకెళ్ళి చెప్పడమెందుకని ఊరుకున్నాను. ఇప్పటికీ ఆ మెట్లు తలచుకుంటే నాకు మనసు మనసులో ఉండదు.

ఆయన పోయిన తర్వాత అక్క నాతో ఒక్కసారే ఆ విషయం మాట్లాడింది. "కోపముండి తినలేదంటే తట్టుకొని ఉందును కణ్ణు. ఆయన కాచుకొని ఉన్నారంట. నేను రొంబ మర్యాదగా ఉన్నాననుకొన్నాను." రోజా మామిడి మళ్ళీ ఎండలో పెట్టలేదు ఆమె. జాడీ నాకిచ్చేసింది. రెండేళ్ళ కిందట జబ్బు చేసి తనూ పోయింది.

ఇప్పుడు నా ఇంటికి ఎవరు వచ్చినా పళ్ళెం వాళ్ళ చేతికే ఇస్తాను. ఎదురుగా కూర్చుని తినమంటాను. వద్దంటే మళ్ళీ అంటాను. రావడం మానేసిన స్నేహితురాలికి ఫోన్ చేసి, ఎందుకు రావడం లేదో చెప్పమని అడిగాను. ఏడ్చింది, తిట్టింది, ఆ వారమే వచ్చింది. మరీ అంత మీద పడితే మనుషులు ఇబ్బంది పడతారని మా ఆయన అంటాడు. పడనీ. ఇబ్బంది పెట్టకూడదని ఒక మంచి మనిషి దూరంగా నిలబడితే, ఇద్దరు మనుషులు ఒకే ఇంట్లో ఎన్నేళ్ళు ఆకలితో ఉండగలరో నేను చూశాను.