కొంపాద్రె వరస

ఒక మాట పుట్టుక చెప్పబోయి నా పెళ్లి నేనే చెడగొట్టుకున్నాను. ఇందులో ఇంకెవరి చెయ్యీ లేదు, అంతా స్వయంకృషే. వినండి.

నేను ఫ్రీమాంట్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆఫీసులో రొబెర్తో అనే మెక్సికో అబ్బాయి స్నేహితుడయ్యాడు. అతనికి ఎలెనా అని చెల్లెలు. ఆమె కోసమే స్పానిష్ మొదలుపెట్టాను. ఆమెతో మాట్లాడే ధైర్యం చాలక మాటల పుట్టుపూర్వోత్తరాల్లో పడ్డాను.

రొబెర్తో కొడుకు బాప్తిస్మానికి విందు చేశారు. వాళ్లలో ఇలాంటి వేడుకకి కేకుకొకరు, పాటలకొకరు స్నేహితులు ఖర్చు భరించి పెద్దరికం వహిస్తారు. అలా వహించినవాడూ, బిడ్డ తండ్రీ ఆపైన ఒకరినొకరు 'కొంపాద్రె' అని పిలుచుకుంటారు. కేకు పెద్దరికం నాకిచ్చారు. ఆ ఇంట్లో నానమ్మ మాటే చెల్లుతుంది కాబట్టి, ఆరోజే ఆవిడ దగ్గర ఎలెనా సంగతి కదపాలని ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్లాను.

కేకు కోశాక రెండు మాటలు చెప్పమన్నారు. మైకు దొరికిన తెలుగువాడు రెండు మాటలతో ఆపుతాడా, మీరే చెప్పండి. కొంపాద్రె లాటిన్ నుంచి వచ్చిందనీ, 'తోటి తండ్రి' అని అర్థమనీ అందుకున్నాను. ఇటలీలో కొంపారె, రుమేనియాలో కుమాత్రు అంటూ యూరప్ అంతా తిప్పాను. ఫ్రాన్సులో పాపం ఆ మాట మోసగాడికి తోడుదొంగ అనేదాకా దిగజారిందని బాధపడ్డాను కూడా. జనం కేకు వైపే చూస్తున్నారు. నా ఖర్మ, అక్కడితో ఆగలేదు.

"బిడ్డకి తోటి తండ్రినంటే రొబెర్తోకి నేను తమ్ముణ్ణే. మా తెలుగువాళ్లం వరస కలిపామంటే అది ఉత్త పిలుపు కాదు, చచ్చేదాకా చుట్టరికమే" అన్నాను.

నానమ్మకి ఇంగ్లీషు రాదు. పక్కన కూర్చుని ప్రతి ముక్కా తర్జుమా చేసింది ఎలెనాయే.

నానమ్మ కళ్లొత్తుకుని, నన్ను దగ్గరికి పిలిచి, తల నిమిరి ఏదో అంది. ఎలెనా తల వంచుకుని నాకు తర్జుమా చేసింది.

"అన్నయ్యకి తమ్ముడివైతే నాకూ అన్నవేనట. ఇన్నాళ్లూ నువ్వు నా కోసం వస్తున్నావేమో అనుకుందట. సరేనందామనీ అనుకుందట."

లాటిన్‌ని వెనక్కి తీసుకుందామంటే, చచ్చేదాకా అన్నది నేనే కదా. నాతో వచ్చిన రూమ్మేట్, వరంగల్ వెంకట్, కారెక్కేదాకా ఓపిక పట్టాడు.

"రొబెర్తోని బావా అంటే సరిపోతుండె కదరా. పిల్ల నీకు వరసైతుండె."

ఎలెనా పెళ్లికి నన్ను అన్న హోదాలో పిలిచారు. కేకు మళ్లీ నాదే. పెళ్లికొడుకు నన్ను కావలించుకుని 'కున్యాదో' అన్నాడు, అంటే బావమరిది అని. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో నీకు తెలిసే ఉంటుందే అన్నాడు. తెలుసు. తెలీదన్నాను.

ఆ కేకు సాక్షిగా ఒట్టేసుకున్నాను: పెళ్లి కావలసిన పిల్ల ఉన్న ఇంట్లో, వరస సరిచూసుకోకుండా, బతికుండగా ఏ మాటకీ పుట్టుక చెప్పను.