తలుపు దగ్గర కుర్చీ

కోవిడ్ ఆంక్షలు ఎత్తేశాక వచ్చిన చలికాలంలో నేను ఐర్లండ్ సరిహద్దు వైపు, డండాక్ చుట్టుపక్కల వాళ్లు వచ్చే ఒక ప్రభుత్వాసుపత్రిలో వృద్ధుల మానసిక వైద్యానికి కన్సల్టెంట్‌గా ఉన్నాను. రిటైర్మెంటుకు ముందు నా ఆఖరి పోస్టింగ్ అది. మాకు సొంత వార్డు ఉండదు. మిగతా వార్డుల్లో పెద్దవాళ్లెవరైనా మందు వద్దన్నా, పొంతన లేకుండా మాట్లాడినా, ఇంటికి పంపవచ్చో లేదో తేలకపోయినా మాకు కబురొస్తుంది. ముందు రిజిస్ట్రార్, అంటే నా దగ్గర శిక్షణలో ఉన్న డాక్టరు, చూసొస్తారు. తర్వాత నేను వెళతాను.

అప్పటి రిజిస్ట్రార్ శ్రావణి, కరీంనగర్ అమ్మాయి. చూసొచ్చిన కేసు గురించి నడుస్తూనే చెప్పింది. పేరు కాల్విన్, ఎనభై దాటాయి. అమెరికాలో పుట్టిన నల్లజాతి మనిషి. ఇక్కడి నర్సును పెళ్లాడి, వడ్రంగం చేసుకుంటూ దశాబ్దాలుగా ఈ జిల్లాలోనే ఉంటున్నాడు. భార్య పోయింది. న్యుమోనియాతో చేరాడు. జ్వరం తగ్గింది గానీ తిండి ముట్టడం లేదు, మాత్రలు ఉమ్మేస్తున్నాడు. కూతురు వస్తే కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున మాట్లాడుతున్నాడు. ప్రభుత్వం తన మీద నిఘా పెట్టిందంటున్నాడు.

“క్లియర్‌గ పారనోయియానే గద మేడమ్. చిన్న డోస్ స్టార్ట్ చేద్దమా?” అంది శ్రావణి, ఇది వట్టి అనుమానపు జబ్బేనన్నట్టు.

“ముందు ఆయన మాట విందామమ్మా. మందు ఎక్కడికీ పోదు” అన్నాను.

వార్డు వాళ్లు అడిగినవి రెండు. ఒకటి, మందు మొదలుపెట్టడం. రెండోది, తన సంగతి తాను నిర్ణయించుకునే సామర్థ్యం ఆయనకు లేదని తేల్చడం. అలా తేలితే నర్సింగ్ హోమ్‌కు పంపే ఏర్పాట్లు మొదలవుతాయి. మంచం ఖాళీ కావాలని పైనుంచి ఒత్తిడి. అవతల ఎమర్జెన్సీలో రోగులు ట్రాలీల మీద పడి ఉన్నారు. ఆ వారం ఆసుపత్రిలో ఎవరూ నిలకడగా కూర్చున్నట్టు గుర్తులేదు.

కాల్విన్ కూడా కూర్చోలేదు. నేను వెళ్లేసరికి కిటికీకీ మంచానికీ మధ్య తిరుగుతున్నాడు. పొడుగు మనిషి, పెద్ద పెద్ద చేతులు. తలుపు దగ్గర కుర్చీలో ఒక మధ్యవయసు అటెండెంటు కూర్చుని ఉంది. పడిపోతాడనో, లేచి వెళ్లిపోతాడనో భయం ఉన్న రోగికి ఇలా ఒక మనిషిని కాపలా వేస్తారు. రోగి ఏం చేస్తున్నాడో ఆమె పావుగంటకోసారి రాయాలి.

నేను పేరు చెప్పుకోగానే ఆయన వెళ్లి కుళాయి తిప్పాడు.

“ఆమె ఏం రాస్తోంది?” అని అడిగాడు.

నేను అటెండెంటు దగ్గర కాగితం తీసుకుని పైకి చదివాను. కిటికీ దగ్గర నిలబడ్డాడు. కూతురు వచ్చింది. గొంతు తగ్గించి మాట్లాడారు. కూతురు వెళ్లింది. మళ్లీ కిటికీ. చదువుతుండగానే నా గొంతు నాకే ఇబ్బందిగా వినపడింది.

“అప్పుడూ ఇలాగే రాశారు” అన్నాడాయన. తర్వాత ఆ కథంతా చెప్పాడు.

అమెరికాలో యువకుడిగా ఉన్నప్పుడు ఆయన నల్లవాళ్ల స్వయంపాలన కోరే ఒక ఉద్యమంలో పనిచేశాడు. వాళ్ల పిల్లలకు పొద్దున్నే టిఫిను పెట్టడం, సొంత బడి నడపడం, మీటింగులకు బల్లలు చేయడం ఆయన పని. అద్దె లారీలో వస్తూ పోతూ సాయపడే స్నేహితుడొకడు ఉండేవాడు. ఆయనకు డ్రైవింగ్ నేర్పింది అతనే. ఆదివారాలు భోజనానికి వచ్చేవాడు. కొన్నేళ్ల తర్వాత ఒక కోర్టు కేసులో ప్రభుత్వ ఫైళ్లు బయటపెట్టాల్సి వచ్చింది. కాల్విన్ ఇంట్లో ఎవరెవరు తిన్నారో, ఏం మాట్లాడుకున్నారో అన్నీ అందులో ఉన్నాయి. స్నేహితుడే చేరవేశాడు. కాల్విన్‌కు వేరే ఆడమనిషితో సంబంధం ఉందని ఆయన మొదటి భార్యకు ఎవరో పేరు లేని ఉత్తరం రాశారు. ఆ ఉత్తరమూ నిఘా వాళ్ల పనేనని అప్పుడే తెలిసింది. అప్పటికే ఆమె వెళ్లిపోయింది.

“కసిరేవాళ్లంటే నాకు భయం లేదు డాక్టర్. టీ తెచ్చిపెట్టి, రాత్రి నిద్ర పట్టిందా అని అడిగేవాళ్లతోనే నాకు భయం.”

బయటికి రాగానే నేను కూతురు ఊనాకు ఫోన్ చేసి ఈ కథ గురించి అడిగాను. ఆమె ఇక్కడే పుట్టి పెరిగింది. “చిన్నప్పటి నుంచీ వింటున్నాను. నిజమో కాదో నాకు తెలియదు. నాన్నను అడగొద్దని అమ్మ అనేది. అడిగితే ఆ రాత్రంతా తలుపులు చూసుకుంటూ తిరిగేవాడు” అంది. “మీరు నమ్ముతున్నారా?” అని అడిగింది. ఆ రోజుల్లో అలాంటి ఉద్యమాల్లోకి మనుషుల్ని చొప్పించడం, దొంగ ఉత్తరాలు రాయడం అన్నీ జరిగాయనీ, అమెరికా ప్రభుత్వమే తర్వాత ఒప్పుకుందనీ చెప్పాను.

అయితే గతం నిజమైనంత మాత్రాన వర్తమానం నిజమైపోదు. మా వృత్తిలో కష్టం అక్కడే. ఎంత రుజువు చూపినా కదలని తప్పుడు నమ్మకాన్ని మేం డెల్యూజన్ అంటాం. అది కదులుతుందో లేదో చూడాలి. మర్నాడు శ్రావణిని కూడా తీసుకెళ్లి ఆయన్ని అడిగాను. “ఇప్పుడు మీ మీద నిఘా ఉందన్నది పొరపాటు కావచ్చా?”

“పొరపాటే కావాలని రోజూ అనుకుంటాను. ఇంతకుముందు కూడా అలాగే అనుకున్నాను. అప్పుడు పొరపాటు కాలేదు.”

శ్రావణి నా వైపు చూసింది. బయటికొచ్చాక, “మేడమ్, ఇది డెల్యూజన్ కాదు గద” అంది మెల్లగా.

కాదు. జ్వరం తీవ్రంగా ఉన్నప్పుడు కొంత మతి తప్పి ఉండవచ్చు. అది తగ్గాక మిగిలింది అనుభవం. దాన్ని మేమే కుర్చీ వేసి మరీ రెచ్చగొడుతున్నాం. మందు అక్కర్లేదని రాశాను. కాపలా తీసేయమన్నాను.

వార్డు మేనేజర్ బెర్నీ ఒప్పుకోలేదు. పాతికేళ్ల అనుభవం ఉన్న నర్సు. “రేపు ఆయన పడితే సమాధానం చెప్పేది నా పిల్లలే డాక్టర్, మీరు కాదు” అంది. పిల్లలంటే ఆమె కింది నర్సులు. ఆమె మాటలో తప్పు లేదు. చెప్పేది నేనేనని నా పేరుతో రాసి సంతకం చేశాను. కాల్విన్‌తోనూ ఒప్పందం చేసుకున్నాం. గంటకోసారి ఎవరో ఒకరు తలుపు తట్టి, పేరు చెప్పి లోపలికొస్తారు. ఏం రాసినా ఆయన ఎదుటే రాస్తారు. ఆయన న్యుమోనియా మాత్రలు మింగాలి.

ఆ సాయంత్రం నుంచి మింగాడు. కుళాయి చప్పుడు ఆగింది.

మూడోనాడు పొద్దున బాత్రూముకు వెళుతూ పడ్డాడు. మణికట్టు విరిగింది. నన్ను మీటింగుకు పిలిచారు. కాపలా ఎందుకు తీశారని మెడికల్ టీమ్ కన్సల్టెంట్ అడిగారు. నా కారణాలు చెప్పాను గానీ, కట్టు వేసిన ఆ చెయ్యి ఒక వడ్రంగిదన్న సంగతి గుర్తొచ్చి నా మాట తడబడింది. అప్పుడు బెర్నీ నోరు విప్పింది. “కాపలా ఉన్నప్పుడు తిండి ముట్టని మనిషి ఇప్పుడు తింటున్నాడు. మళ్లీ కుర్చీ వేస్తామంటే నేను ఒప్పుకోను.” ఆమె అలా అంటుందని నేను అనుకోలేదు.

సామర్థ్య పరీక్ష నేనే చేశాను. మనిషికి సామర్థ్యం ఉందనే చట్టం ముందుగా అనుకుంటుంది. లేదంటే నిరూపించాల్సింది మేము. ఇంటికెళితే మళ్లీ పడవచ్చని ఆయనకు తెలుసు. ఒంటరిగా చచ్చిపోవచ్చనీ తెలుసు. రెండూ తన నోటితోనే చెప్పాడు, ఇంటికే వెళతానన్నాడు. పక్కనున్న ఊనా ఏడ్చింది గానీ కాదనలేదు.

డిశ్చార్జి రోజు బాగున్న చెయ్యి నాకు అందించాడు.

“నువ్వు వాళ్ల మనిషివే అయితే, ఇన్నేళ్లలో వాళ్లు పంపినవాళ్లలో నువ్వే నయం” అన్నాడు.

అది హాస్యమో నిజమో నేను అడగలేదు. మరుసటి వేసవిలో ఆయన తన ఇంట్లోనే పోయాడని ఊనా ఫోన్ చేసి చెప్పింది.

రోగి మమ్మల్ని నమ్మితేనే వైద్యం సాగుతుందని చదువుకున్నాను, శ్రావణి లాంటివాళ్లకూ అదే చెబుతూ వచ్చాను. కాల్విన్ నన్ను నమ్మలేదు. నమ్మాల్సిన అవసరం లేకుండానే ఆయన ఇంటికి వెళ్లగలిగాడు. డాక్టరు ఆ మాత్రం వీలు కల్పిస్తే చాలని నాకు తెలిసింది సర్వీసు చివర్లో.