ముఖాన్ని ఆఖరున చూసే డాక్టరు గారు

గడ్డం గీసుకుంటుంటే ఎడమ చెంప మీద ఒకచోట కత్తి పల్లంలోకి దిగుతుంది. అక్కడ చన్నీళ్ళు తగిలితే ఎముక జివ్వుమంటుంది. వెంటనే ఏలూరు ఆసుపత్రిలో పనిచేసిన ఖాదర్ డాక్టరు గారు గుర్తుకొస్తారు.

పందొమ్మిది వందల ముప్పైల నాటి మాట. మా ఎస్టేటు అప్పటికే చేజారిపోయింది. మిగిలింది ఒక గుర్రబ్బండి. ఒకనాడు కొల్లేటి గట్టు మీద ఎదురొచ్చిన మోటారుకు గుర్రం బెదిరి బండి తిరగబడింది. నా ముఖం వెళ్ళి రాళ్ళకు కొట్టుకుంది. పడవవాళ్ళు నన్ను ఎడ్లబండి ఎక్కించి పడుకోమన్నారు. మా వంశంలో మగవాడు బండిలో పడుకుని ఏలూరులోకి వెళ్ళడం ఎరగడు. ముక్కు, చెంప ఎముక విరిగి నెత్తురోడుతున్నా నిటారుగా కూర్చునే వెళ్ళాను.

ఆసుపత్రి వాకిట్లో నన్ను చూసి డాక్టరు గారు పరుగున వచ్చి రెండు చేతులతో నా తల పట్టుకున్నారు.

"మెడ తిప్పకండి. జవాబు కూడా తల ఊపి చెప్పకండి."

బల్ల మీద పడుకోబెట్టి, నోరు శుభ్రం చేసి, ఊపిరి సరిగా ఆడుతోందని చూసుకుని, నోరు వదిలేసి మిగతా ముఖం మీద తడిగుడ్డ కప్పారు. సరిగ్గా అప్పుడే మా మేనత్త వచ్చి గుమ్మంలోనే శోకాలు మొదలుపెట్టింది.

"బతికే ఉన్నారమ్మా," అన్నారాయన. "ఆ ముఖం చూస్తూ ఉంటే ఒంట్లో ఇంకేం విరిగిందో ఎవరికీ పట్టదు. నాక్కూడానండి. అందుకే కప్పాను."

"అది మా నాన్నగారి ముక్కండి. ముందు దాన్ని చక్కదిద్దండి," అన్నాను గుడ్డ కింద నుంచి.

"ముక్కు రేపైనా అక్కడే ఉంటుంది లెండి. నేను పట్టుకున్నది ఏ వేలో చెప్పండి."

చెప్పలేకపోయాను. ఎడమ చేతి వేళ్ళు నావి కానట్టున్నాయి. అప్పుడు భయం వేసింది.

మెడలో ఎముక చిట్లిందన్నారు. ఇంకాస్త కదిలి ఉంటే కాళ్ళూ చేతులూ పడిపోయేవట. తలకు రెండు వైపులా ఇసుక సంచులు పెట్టించారు. నేను విసుక్కుంటే పక్కన కూర్చుని, మొదటి ప్రపంచయుద్ధంలో తన దగ్గరకు వచ్చిన ఒక సిపాయి గురించి చెప్పారు. ముఖం అందంగా కుట్టారట. మెడ ఎవరూ చూడలేదు. మర్నాడు లేవబోయి కూలిపోయాడు. "ఆ కుట్లు నావేనండి," అంటూ నా తల పక్క సంచి సర్దారు.

అలా వారాలు గడిచేలోగా నా చెంప ఎముక వంకరగా అతుక్కుపోయింది. ఆయన దాచలేదు. "ముందే సరిచేస్తే బాగుండేది. మీ మెడ కదులుతుందేమోనని ధైర్యం చేయలేదు." అద్దం అడిగాను. "వరండా చివరిదాకా నడవండి, ఇస్తాను."

సంచులు తీసిన రోజు ఆయన చేతులు చాచుకుని నా ముందు వెనక్కి నడిచారు గాని, నన్ను పట్టుకోలేదు. చివరిదాకా వెళ్ళాక అద్దం సంగతి ఆయనే ఎత్తారు. "తరవాత చూసుకుంటానండి," అన్నాను. నాకు మళ్ళీ నడవాలనిపించింది.

ఇప్పటికీ పొద్దున్నే కాలవ వెంట నడుస్తాను. అటూ ఇటూ తల తిప్పి, కనిపించిన ప్రతివారినీ పలకరిస్తాను. మా ఇంటి మగవాళ్ళలో అంతకుముందు ఎవరికీ ఆ అలవాటు లేదు.