పసరిక పాము ఉపవాసం

ఎల్లారెడ్డిలో మా చర్చి కంచె మీద దొరికింది ఆ పసరిక పాము. లేత తీగలా పచ్చగా, మూతి కొనదేలి, కంటిపాప అడ్డంగా గీత గీసినట్టు ఉండేది. కామారెడ్డి నుంచి పాములు పట్టే అతన్ని పిలిపించాం.

"దీని కోరలు నోట్లె ఎన్కకుంటయి. తొండకు, కప్పకు విషమెక్కుతది. మనిషికి పానం మీదికి రాదు" అన్నాడు.

దూరంగా వదిలేస్తానంటే నేనే వద్దన్నాను. సండే స్కూల్ పిల్లలకు పాఠం చెప్పేది నేను. ఆ ఆదివారం బైబిల్లోని మొదటి తోటలో మనిషిని మోసగించి శాపం పొందిన సర్పం గురించి చెప్పాలి. ప్రాణమున్న పామును చూపిస్తే వాక్యం మనసులో నాటుకుంటుందనుకున్నాను.

పాత చేపల తొట్టిలో కొమ్మ పెట్టి, జాలీ మూత వేసి, గిన్నెలో నీళ్లు పోశాను. చచ్చిన బల్లిని వేస్తే చూడలేదు. గిన్నె ముట్టలేదు. అయినా నాకు దిగులు కలగలేదు. అవి సిలువను తలచుకుంటూ ఉపవాసముండే శ్రమల దినాలు, నేనూ పొద్దంతా ఉపవాసంలో ఉన్నాను.

"ఇది కూడా మన సంఘమే అవ్వా, ఉపాసముంటున్నది" అన్నాను, చర్చి ఊడ్చే అవ్వతో.

అవ్వ చీపురు పక్కన పెట్టి తొట్టిలోకి వంగి చూసింది.

"నువ్వు పొద్దుమూకినంక తాగుతవు సారూ. దీనికి అదీ లేకపాయె. గిది గిన్నెల తాగదు, ఆకు మీది సుక్కలు తాగుతది. కదిలేదాన్నే పట్టుకుంటది. కూలికి పోయినప్పుడు కంపల మీద మస్తు చూసిన. గిది గుడ్లు పెట్టది, పిల్లల్నే కంటది. కడుపు జూడు, పిల్లలున్నయి. ఇడిచిపెట్టు."

"ఆదివారం పాఠం అయినంక ఇడుస్త."

"పాఠం దానికెందుకు?"

ఆ రోజు శుక్రవారం. కొమ్మ మీద నీళ్లు చిలకరించాను. అది తల తిప్పి ఒక్కొక్క చుక్కే తాగింది. ఆ దాహం చూసి కూడా మూత తీయలేదు.

ఆదివారం పిల్లల ముందు తొట్టి మీది గుడ్డ తీశాను. పాము కొమ్మ కింద చచ్చి పడి ఉంది. పక్కన చీపురు పుల్లల్లాంటి పిల్లలు ఐదు. రెండే కదులుతున్నాయి.

"సార్, ఇదేం తప్పు చేసింది?" అని ఒక పాప అడిగింది.

అవ్వ ఆ రెంటినీ కొమ్మతో సహా తీసుకుపోయి కంచెలో వదిలింది.

దేవుడు మనిషిని తోటలో ఉంచింది ఆ తోటను కాయడానికని, పాముకు పెట్టిన శాపం కన్నా ముందే రాసి ఉంది. ఏళ్లుగా ఆ పాఠం చెబుతూ ఆ మాట దగ్గర ఎన్నడూ ఆగలేదు. దేవుడు క్షమిస్తాడని నమ్ముతాను. శుక్రవారం నాడే మూత తీసి ఉంటే అని మాత్రం ఇప్పటికీ అనుకుంటాను.